ఖాళీ గ్లాసు వాసన

చక్రాల బట్టీ ఈసారి పొగమంచులో వచ్చింది. ముందు ట్రాక్టరు దగ్గు వినిపించింది, తర్వాత కాజిమీర్ తిట్లు వినిపించాయి. ఆ తర్వాత గాని బట్టీ రాగి స్తంభాలు రెండూ మంచులోంచి బయటపడలేదు, పెళ్లికి ఆలస్యంగా వచ్చి కూడా తొందరపడని పెద్దమనుషుల్లాగా. మాయిలీస్ వంటింటి కిటికీలోంచి చూసి పొయ్యి మీద ఇంకో పెద్ద గిన్నె పెట్టింది. బట్టీ మండినన్నాళ్లూ వాకిట్లో మనుషులుంటారు. మనుషులున్నన్నాళ్లూ వాళ్లకు ఆకలి ఉంటుంది. ఫ్రాన్సు దక్షిణాన ఆ గాస్కొనీ మగవాళ్ల ఆకలి గురించి ఆమెకు ఎప్పుడూ భ్రమలు లేవు.

"వదినా, ఈ ఏడు ఏం పెడుతున్నావ్?" చక్రాల కింద చెక్కలు తోస్తూనే అరిచాడు కాజిమీర్. ఇంటింటికీ బట్టీ లాక్కెళ్లి, ద్రాక్షతోటల వాళ్ల వైన్‌ను బ్రాందీగా కాచి ఇవ్వడం అతని పని. తాత చేసిన పని, తాత తిట్టిన తిట్లే.

"ముందు నీ పొయ్యి వెలిగించు. నా పొయ్యి సంగతి తర్వాత అడుగుదువు గాని."

ఆమె భర్త ఫ్లోరాన్ వైన్ తొట్టి దగ్గర్నుంచి గొట్టం లాగి బట్టీకి బిగించాడు. ఆ వైన్ కాచకుండా తాగితే మొహం నిమ్మకాయ అవుతుంది. కాచితేనే దానిలో గుణం బయటపడుతుంది. కొంతమంది మనుషులూ ఇంతేనని మాయిలీస్ అంటూ ఉండేది. ఎవరని అడిగితే మాత్రం చెప్పేది కాదు.

ఓకు దుంగలు అంటుకున్నాయి. చల్లటి వైన్ వేడి గొట్టపు చుట్టల మీదుగా పోతూ లోపలి ఆవిరిని చల్లబరుస్తుంది, ఆ వంకతో తాను వేడెక్కుతుంది. ఒక నిప్పుతో రెండు పనులు. వంటింట్లో తిరిగిన వాళ్లెవరైనా మెచ్చుకునే ఏర్పాటు. మధ్యాహ్నానికి బట్టీ చివర ఉన్న సన్న మూతి నుంచి దారప్పోగులాంటి ధార మొదలైంది. నీళ్లకన్నా తేటగా ఉంది. అందరూ మాటలాపేశారు.

మామగారు గ్రాస్యన్ ముందుకొచ్చారు. నెత్తిన నల్ల ఉన్ని టోపీ, నడుముకు పీపాల కొట్టు తాళంచెవి. ధార కింద అరచెయ్యి పట్టి, రెండు చేతులూ రుద్దుకుని, దోసిలి చేసి ముక్కు దాకా తెచ్చుకున్నారు. కళ్లు మూశారు.

"ద్రాక్షపూత," అన్నారు. "వెనకాల కొంచెం పియర్ పండు. బాగుంది."

అందరూ ఊపిరి వదిలారు. కాజిమీర్ ఇంకో దుంగ తోశాడు. సూప్ గిన్నె పట్టుకుని నిలబడ్డ మాయిలీస్‌కు మాత్రం ఒక సంగతి తట్టింది. కిందటేడూ ద్రాక్షపూతే. అంతకు ముందేడూ పియర్ పండే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కోడలు అడుగుపెట్టిన ఏడు కాచిన బ్రాందీలోంచి ఒక పీపా ఆమె పేర పక్కన పెడతారు. ముందు కొత్త ఓకు పీపాలో పోసి, చెక్క పొగరు తలకెక్కకముందే పాత పీపాలోకి మార్చి, మట్టినేల కొట్టులో చీకట్లో ఉంచి, మరిచిపోయినట్టు నటిస్తారు. ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ దూతలు తాగిన గుర్తుగా కొట్టు గోడలన్నీ మసిపట్టినట్టు నల్లగా ఉంటాయి. ఎప్పుడో ఒక ఏడు, బట్టీ ఆఖరి రోజు భోజనాల దగ్గర, ఇంటిపెద్ద రుచి చూసి "అయింది" అంటాడు. ఆ రోజే బ్రాందీని చెక్కలోంచి తీసి గాజు బుడ్లలో పోస్తారు. గాజులోకి వచ్చాక దాని వయసు ఆగిపోతుంది. సీసాల మీద కోడలి పేరు పడుతుంది. అత్తగారి పేరున్న సీసా ఒకటి ఇంకా అలమారాలో ఉంది. అత్తగారు లేరు.

మాయిలీస్ పీపా దగ్గర మాత్రం మామగారు మూడేళ్లుగా ఒకే మాట అంటున్నారు. "ఇంకా కాలేదు."

ఆ మాటనగానే బల్ల చుట్టూ ఉన్న కళ్లన్నీ ఒక్క క్షణం ఆమె వైపు తిరిగేవి. మొదటి ఏడు ఆమె నవ్వింది. రెండో ఏడు, మర్నాడు మామగారి సూప్‌లో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. మూడో ఏడు ఏమీ అనలేదు, ఏమీ మరిచిపోలేదు. ఫ్లోరాన్‌కు భయం వేసింది అప్పుడే.

ఆడవాళ్లు పీపాల కొట్టులోకి వెళ్లకూడదని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. వెళ్లే పని పెట్టలేదు, అంతే. మాయిలీస్ గడప దగ్గర నిలబడి కడిగిన గ్లాసులు అందించేది. అక్కడే నిలబడి తాగిన గ్లాసులు అందుకునేది. అవి రాత్రంతా సింకు పక్కన ఉండి, పొద్దున్నే ఆమె చేతికొచ్చేవి. ఆ పాటికి ఘాటంతా పోయి, అసలు వాసన ఒక్కటే గ్లాసు అడుగున ఎండి ఉండేది. ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో చేతులు ఖాళీ లేక పట్టించుకోలేదు. తర్వాత కడిగే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోవడం అలవాటైంది. తాగేవాళ్లకు దక్కేది సగమేనని, మిగతా సగం అంట్లు తోమే వాళ్లకు దక్కుతుందని ఆమె కనిపెట్టి చాలా ఏళ్లైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్లూ వచ్చి తోముతారన్న నమ్మకం ఏమీ లేదు.

బట్టీ రావడానికి ముందు రోజు మామగారు ఆమె పీపాలోంచి కొంచెం తీసి చూశారు. ఆ గ్లాసు పొద్దున ఆమె చేతికొచ్చింది. కిందటేడు అందులో వాల్‌నట్, ఎండు ప్లమ్ పండు ఉన్నాయి. ఈసారీ ఉన్నాయి గాని, వాటి మీద ఇంకేదో బరువుగా కూర్చుని ఉంది. అది వడ్రంగి దుకాణం వాసన. చేదుగా కాగిన టీ వాసన. చెక్క బ్రాందీని తినడం మొదలుపెట్టింది. ఇంకో చలికాలం ఉంచితే మిగిలేది పీపాయే.

అయినా మామగారు ఈ ఏడు కూడా "ఇంకా కాలేదు" అంటారని ఆమెకు తెలుసు. ఎందుకంటారో మాత్రం తెలియలేదు.

ఆ సాయంత్రం బాతు కొవ్వులో ఉల్లిపాయలు వేయించడానికి పెట్టి, వాకిట్లోకి రొట్టె పట్టుకెళ్లింది. కాజిమీర్ మాటల్లో పెట్టాడు. అతని భార్య అతని గురక భరించలేక కుక్కను తీసుకుని వేరే గదిలోకి మారిందట. కుక్క కూడా గురక పెడుతుంది కదా అని మాయిలీస్ అడిగింది.

"దాని గురక ముద్దుగా ఉంటుందట వదినా," అన్నాడు కాజిమీర్ దిగులుగా.

ఆమె తిరిగి వచ్చేసరికి వంటింటి తలుపు దగ్గరే మాడు వాసన కొట్టింది. ఉల్లిపాయలు బొగ్గయ్యాయి. పొయ్యికి రెండడుగుల దూరంలో, గోడవైపు తిరిగి కూర్చుని, మామగారు ప్రశాంతంగా చెస్ట్‌నట్ కాయల తొక్కు తీస్తున్నారు.

అడుగుల చప్పుడు విని, "వాసన బాగుంది. ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నారు.

వెక్కిరింత అనుకుంది. నోటిదాకా వచ్చిన జవాబు మంచిదే, పదునైనదే. కాని ఆయన తలెత్తిన మొహంలో వెక్కిరింత లేదు. భోజనం కోసం ఎదురుచూసే ముసలాయన మర్యాద ఉంది. మాయిలీస్ జవాబు మింగేసి, గిన్నె దింపి, కిటికీ తెరిచింది.

"సూప్ మామయ్యా," అంది.

రాత్రి పడుకుని పైకప్పు దూలాలు చూస్తూ లెక్క వేసింది. మూడేళ్ల కిందటి చలికాలంలో మామగారికి జ్వరం వచ్చింది. పక్క మీంచి లేవడానికి వారాలు పట్టింది. లేచాక చీజ్ మీద ఇష్టం పోయిందన్నారు. కాఫీ వేడిగా ఉంటే చాలన్నారు. వయసు అనుకున్నారు అందరూ.

అనుమానం ఒకటి, రుజువు ఒకటి. మర్నాడు పొద్దున బట్టలు మడతపెడుతూ, ఉన్ని దుప్పట్ల పెట్టెలోంచి నాఫ్తలీన్ ఉండలు రెండు తీసి, మామగారి కోటు జేబులో చేతిరుమాలు మడతలో దాచింది. పాపమేనని ఆమెకు తెలుసు. చర్చిలో ఒప్పుకునేటంత పాపమా కాదా అన్నది ఆదివారం ఆలోచించుకోవచ్చు.

మామగారు ఆ కోటు వేసుకుని మధ్యాహ్నం దాకా బట్టీ దగ్గరే తిరిగారు. మంచుకు ముక్కు కారుతుంటే ఆ రుమాలుతోనే తుడుచుకున్నారు, ఒకసారి కాదు. పక్క తోట జోసెట్ గుడ్లు ఇవ్వడానికి వచ్చి ఆయన పక్కన నిలబడి, గాలి పీల్చి, "ఎవరింట్లో పెట్టె తెరిచారే?" అంది.

ఫ్లోరాన్ కూడా ముక్కు ఎగబీల్చాడు. "నాన్నా, ఏదో వాసన కొడుతోంది, నీకు తెలియడం లేదూ?"

"ఎందుకు తెలియదు?" అన్నారు గ్రాస్యన్, ధార వైపే చూస్తూ. "కాజిమీర్ చొక్కా అయి ఉంటుంది."

"నిన్ననే ఉతికించాను బాబాయ్," అన్నాడు కాజిమీర్ నొచ్చుకుని.

"అందుకే."

అందరూ నవ్వారు. మాయిలీస్ కూడా నవ్వబోయి ఆగింది. రుజువు దొరికితే సంబరంగా ఉంటుందనుకుంది. తీరా దొరికాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నలభై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఏ పీపా తెరిచినా ఈ ముక్కునే పిలిచారు. పోయింది కాలో చెయ్యో అయితే బల్ల దగ్గర చెప్పుకునేవారు. ఆ ముక్కు లేకుండా మూడేళ్లుగా ఆయన అందరి మధ్యా తిరుగుతున్నారు, పాత మాటలే మళ్లీ మళ్లీ వాడుకుంటూ. తెలియనప్పుడు "అయింది" అంటే పీపా పాడవుతుంది. "ఇంకా కాలేదు" అంటే ఏడాది దొరుకుతుంది. ఆ ఏడాదిలో ముక్కు తిరిగి రావచ్చు. ఆ మాట తన మీద తీర్పు అనుకుని ఆమె ఆయన సూప్‌లో ఉప్పు మానేసింది.

ఆఖరి రోజు పొద్దున, తొట్టిలో వైన్ అడుగంటుతుండగా, గ్లాసులు తీసుకుని కొట్టు గడప దగ్గరికి వెళ్లింది. లోపల గ్రాస్యన్ ఆమె పీపా ముందు నిలబడి ఉన్నారు. పీపా మూత తీసి, పొడవాటి గాజు గొట్టం దించి, పైన బొటనవేలితో మూసి, మెల్లగా పైకి లాగారు. గొట్టంలో ముదురు తేనె రంగు నిలబడింది. గ్లాసులో వదిలి, కిటికీ వెలుగులో తిప్పి, గ్లాసు గోడల మీద జారే జిడ్డు చారల్ని చూశారు. చూడగలిగినదంతా చూశారు. తర్వాత గ్లాసు ముక్కు దాకా ఎత్తి, ఎవరూ చూడటం లేదనుకున్నారు కాబోలు, ఊరికే దించేశారు.

"మామయ్యా," అంది మాయిలీస్. "అది ఇక చెక్కలో ఉండకూడదు."

ఆయన తిరగలేదు. "నీకెవరు చెప్పారు?"

"ఖాళీ గ్లాసు చెప్పింది. చెక్క ఎక్కువైపోయింది. వడ్రంగి దుకాణంలా ఉంది."

"హుఁ." ఆయన గొట్టాన్ని మేకుకు తగిలించారు. "ఇంకేం చెప్పింది గ్లాసు?"

"గ్లాసు అంతే చెప్పింది. మిగతాది ఉల్లిపాయలు చెప్పాయి."

బయట కాజిమీర్ ఎవరినో తిడుతున్నాడు, బహుశా దుంగనే. గ్రాస్యన్ కోటు జేబులో చెయ్యి పెట్టి రెండు తెల్లటి ఉండలు తీసి పీపా మీద పెట్టారు.

"ఇవి నీవేనా?"

మాయిలీస్‌కు చెవులు వేడెక్కాయి. "ఎలా... మీకు వాసన..."

"వాసన పోయింది గాని చేతులు పోలేదే పిల్లా. రుమాలు తీస్తే తగలవా?" ఆయన ఉండల వైపే చూస్తున్నారు. "నిన్న పొద్దున్నే తగిలాయి. ఎందుకు పెట్టావో కూడా అర్థమైంది. తీసి పారేస్తే నీకు తెలిసిపోతుంది. ఉంచుకున్నా తెలిసిపోతుంది. ఇక ఎందుకులే అని ఉంచుకున్నాను. కాజిమీర్ గాడికి చొక్కా ఉతికించడం ఒకటి దండగైంది."

ఆమె నవ్వింది. ఏడుపు వచ్చేలా ఉంటే నవ్వడం ఆమెకు అలవాటు. "మూడేళ్లుగా కాలేదు కాలేదంటుంటే, నేనే ఈ ఇంటిదాన్ని ఇంకా కాలేదేమో అనుకున్నాను."

"నువ్వు ఎప్పుడో అయ్యావు." ఆయన గొంతు సవరించుకున్నారు. "గడప మీద అలా నిలబడతావేం? చలంతా లోపలికొస్తోంది. రావడమో పోవడమో చెయ్యి."

ఆమె లోపలికి వచ్చింది. మట్టినేల మెత్తగా, చల్లగా ఉంది. ఇన్నేళ్లూ గడప దగ్గర నుంచి చూసిన చీకటి లోపలికి వస్తే అంత చీకటిగా లేదు.

"ముక్కు గ్లాసులో ముంచకు. అది దుడుకువాళ్ల పని," అన్నారు గ్రాస్యన్, గ్లాసు ఆమె చేతికిస్తూ. "అరచేతిలో పెట్టి వెచ్చబడనియ్యి. ముందు గుండె దగ్గర పట్టుకో. వాసన దానంతట అదే పైకొస్తుంది. తర్వాత గడ్డం దగ్గర. ఆఖర్ని ముక్కు. ఏం తగిలింది?"

"గుండె దగ్గర... నారింజ తొక్క. పొయ్యి మీద ఆరబెట్టింది."

"గడ్డం?"

"ఎండు ప్లమ్. మా అమ్మ జాడీ మూత తీసినట్టు. తర్వాత వాల్‌నట్, కాని కొత్తది కాదు, అలమారాలో మరిచిపోయింది. కొంచెం మెత్తబడ్డ వాసన."

ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. "అదే. ఆ మెత్తబడ్డ వాల్‌నట్ కోసమే ఇన్నేళ్లు కూర్చునేది. ఎక్కువగా ఉందా?"

"చాలినంత ఉంది. కాని దాని వెనకే చెక్క తరుముకొస్తోంది."

"తరుముతోందా, పట్టుకుందా? అది చెప్పు."

మాయిలీస్ మళ్లీ గ్లాసెత్తింది. తొందరపడలేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఆగింది. "ఇంకా పట్టుకోలేదు. వాకిట్లో ఉంది."

"అయితే తలుపేద్దాం," అన్నారు గ్రాస్యన్. "ఫ్లోరాన్‌ను పిలువు. గాజు బుడ్లు కడగమను. నువ్వు కడగకు, వాణ్ణే కడగమను."

మధ్యాహ్నం ఫ్లోరాన్ చేతులు మోచేతుల దాకా నీళ్లలో ముంచి బుడ్లు కడిగాడు. చుట్టూ బుట్ట అల్లిన ఆ బుడ్ల మూతులు ఎంత ఇరుకో అతనికి ఆ రోజు తెలిసింది. బ్రాందీ పీపాలోంచి గొట్టం గుండా గాజులోకి చప్పుడు లేకుండా దిగింది.

"ఇక దీని వయసు పెరగదన్నమాట," అంది మాయిలీస్. "నన్నూ ఎవరైనా ఒక బుడ్డిలో పోస్తే బాగుండును."

"మూతి ఇరుకు," అన్నాడు ఫ్లోరాన్, బుడ్డిని, ఆమెను మార్చి మార్చి చూసి. ఆ రోజంతా అతను పలికిన ఒకే ఒక్క తెలివైన మాట అదే గనక ఆమె క్షమించింది.

చీకటి పడకముందే కాజిమీర్ నిప్పు లాగేశాడు. ఆ నిప్పుల మీదే బాతు గుండెకాయలు కాలాయి. పక్క తోటల వాళ్లొచ్చి బల్ల చుట్టూ సర్దుకున్నారు. క్యాబేజీ సూప్ అడుగంటాక, అక్కడి అలవాటు ప్రకారం, కంచాల్లో ఎర్ర వైన్ వంపుకుని, కంచం ఎత్తి తాగారు. ఆపిల్ పిండివంట పొయ్యిలో పొంగుతుండగా మామగారి ముందుకు గ్లాసు వచ్చింది. బల్ల నిశ్శబ్దమైంది. కొత్త నిశ్శబ్దం కాదు. మూడేళ్లుగా చివర్లో ఆమె వైపు తిరిగే నిశ్శబ్దమే.

మాయిలీస్ లేచి, మామగారి కంచం పక్కన చిన్న పళ్లెం పెట్టింది. అందులో నారింజ తొక్క ముక్క, ఎండు ప్లమ్ పండు ఒకటి, పాత వాల్‌నట్ ఒకటి, ఆ వరసలోనే ఉన్నాయి.

గ్రాస్యన్ పళ్లెం చూశారు. మీసం ఒక పక్కకు కదిలింది. గ్లాసు గుండె దగ్గరికి తెచ్చుకున్నారు.

"నారింజ తొక్క," అన్నారు. "ఆరబెట్టింది." గ్లాసు గడ్డం దగ్గరికి వచ్చింది. "ఎండు ప్లమ్." ముక్కు దగ్గర చాలాసేపు ఉంచారు. "వాల్‌నట్. పాతది. అలమారాలో మరిచిపోయింది."

కాజిమీర్ తన గ్లాసు వాసన చూసి తల ఊపాడు. "ముక్కంటే అదీ. తొక్క ఆరబెట్టిందో లేదో కూడా చెప్తాడు మనిషి."

పళ్లెం అయిపోయింది. ఇక "అయింది" అనడమే మిగిలింది. కాని గ్రాస్యన్ గ్లాసు దించలేదు.

"ఇంకోటి ఉంది," అన్నారు. "చిట్టచివర. తడిసిన ఉన్ని."

మాయిలీస్ ఉలిక్కిపడింది. పళ్లెంలో ఉన్ని పెట్టలేదు. తన గ్లాసు ఎత్తి చూసింది, ఉన్ని లేదు.

"వానలో వచ్చింది ఆ పిల్ల," అన్నారు ఆయన, ఎవరితోనూ కానట్టు. "పెళ్లి గౌను మీద మా ఆవిడ తన ఉన్ని శాలువా కప్పింది. ఈ పొయ్యి దగ్గరే ఆరబెట్టుకున్నారు ఇద్దరూ. ఆ వాసన పట్టుకుంది దీనికి. అయింది. ఇది అయింది."

బల్ల చుట్టూ ముక్కులన్నీ గ్లాసుల్లోకి వంగాయి. "అవును, ఉన్ని," అన్నాడు కాజిమీర్. "నాకు ముందే అనిపించింది, పెద్దాయన చెప్పనీ అని ఊరుకున్నాను," అంది జోసెట్. ఫ్లోరాన్ రెండుసార్లు వాసన చూసి, భార్య మొహం చూసి, తనకూ తగిలిందన్నాడు. మాయిలీస్ పిండివంట దించే వంకతో పొయ్యి వైపు తిరిగింది.

పొద్దున బట్టీ వెళ్లిపోయింది. వాకిట్లో చక్రాల గుర్తులూ బూడిదా మిగిలాయి. సింకు పక్కన గ్లాసులు బారులు తీరి ఉన్నాయి. నిద్ర సరిపోని కళ్లతో మాయిలీస్ మామగారి గ్లాసు వెతికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నారింజ తొక్క. ప్లమ్. వాల్‌నట్. ఇంకోసారి చూసింది. అంతే.

తలుపు తోసుకుని గ్రాస్యన్ వచ్చారు. మంచులో తోట చుట్టి వచ్చినట్టున్నారు, భుజాలన్నీ తడి. ఉన్ని టోపీ తీసి, పొయ్యి పైన మేకుకు తగిలించి, కుర్చీ లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. కత్తి తీసి చెస్ట్‌నట్ గంప ముందుకు లాక్కున్నారు.

మాయిలీస్ చేతిలో గ్లాసు అలాగే ఉంది. పొయ్యి సెగకు టోపీలోంచి సన్నగా ఆవిరి లేచింది. వెచ్చగా, బరువుగా, ఎన్నో వానలు నానిన వాసన వంటిల్లంతా నిండింది. ఆయన వేళ్లు తాపీగా తొక్కు తీస్తూనే ఉన్నాయి.

"ఉంది మామయ్యా," అంది ఆమె. "మీరన్న ఉన్ని. చిట్టచివర."

"నేను చెప్పలేదూ?" అన్నారు గ్రాస్యన్, తలెత్తకుండానే.

ఆమె ఆ గ్లాసొక్కటి పక్కన పెట్టి, మిగతావి కడగడం మొదలుపెట్టింది.